అనాస ఐస్ టీ: కాఫీ షాపు రుచి ఇంట్లో రావాలంటే

విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఇప్పుడు కాఫీ షాపులకు కొదవ లేదు. పొడుగాటి గాజు గ్లాసులో, పైన సన్నని నురగతో, అడుగున పండు ముక్కలతో అక్కడ ఇచ్చే ఐస్ టీని ఇంట్లో చేసుకోవాలని చాలామంది ప్రయత్నిస్తారు. టీ కాచి, చల్లార్చి, పండ్ల రసం కలిపి, ఐసు ముక్కలు వేస్తారు. తీరా తాగి చూస్తే అది చేదుగానో, నీళ్ళ నీళ్ళగానో ఉంటుంది. లోపం పండులో ఉండదు, షాపువాళ్ళ దగ్గర ఉందనుకునే రహస్యపు పొడిలోనూ ఉండదు. మన చేతికి బాగా అలవాటైన పాల టీ పద్ధతినే ఈ పానీయానికీ వాడడంలో ఉంటుంది. డికాషన్‌ను, పండు పాకాన్ని, ఐసును వేటికవి విడిగా, కొలత ప్రకారం సిద్ధం చేసుకొని చివరి నిమిషంలో కలిపితే షాపులో దొరికే దానికంటే మేలైన ఐస్ టీ ఇంట్లోనే తయారవుతుంది. సీసాలో నిల్వ ఉన్న సిరప్ అవసరం మనకు లేదు, సీతంపేట కొండల మీద పండిన అనాస మన బజారులోనే దొరుకుతుంది.

ముందుగా డికాషన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమందికి రుచి చెడేది ఇక్కడే. పాల టీకి పొడిని నీళ్ళలో వేసి బాగా తెర్లించడం మన అలవాటు. అలా తెర్లినప్పుడు ఆకులో వగరునిచ్చే టానిన్లు పెద్ద ఎత్తున నీటిలోకి దిగుతాయి. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి ఆ టానిన్లను పట్టి ఉంచుతుంది కనుక నాలుకకు వగరు అంతగా తెలియదు. ఐస్ టీలో పాలు ఉండవు. పైగా చల్లదనం తీపిని అణచివేసి, చేదును, వగరును ఎత్తి చూపుతుంది. కాబట్టి ఈ పానీయానికి టీ పొడిని మరిగించనే కూడదు. నీళ్ళు మరిగిన తరువాత పొయ్యి ఆపి, అప్పుడు పొడి వేసి, మూత పెట్టి నానబెట్టాలి.

నలుగురికి సరిపడా చేయడానికి 650 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకోవాలి. ఆకు టీ అయితే 12 గ్రాములు, అంటే సుమారు ఆరు టీ చెంచాలు వేసి నాలుగు నిమిషాలు ఉంచాలి. మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికేది సీటీసీ పొడి. ఆకును నలిపి, చింపి, రవ్వగా చుట్టే ఈ పద్ధతి 1930ల్లో అస్సాంలో మొదలైంది. రవ్వ చిన్నదైనకొద్దీ సారం త్వరగా దిగుతుంది కనుక దీనికి తలకొట్టిన నాలుగు టీ చెంచాలు, మూడు నిమిషాలు చాలు. గడియారం చూసుకొని చేయవలసిన పని ఇది. మూడు నిమిషాల పొడిని పది నిమిషాలు వదిలేస్తే, ఆ తరువాత ఎంత పంచదార పోసినా గొంతులో వగరు మిగిలే ఉంటుంది. టీ చిక్కగా కావాలనిపిస్తే పొడి పెంచాలి తప్ప సమయం పెంచకూడదు. వడగట్టేటప్పుడు జాలీలో మిగిలిన పిప్పిని చెంచాతో నొక్కి పిండడం కూడా మానుకోవాలి, చివరి బొట్లలోనే చేదు ఎక్కువ. జాలీ మీద తడిపిన పలుచని నూలు గుడ్డ పరిస్తే సన్నని పొడి కూడా ఆగిపోయి డికాషన్ తేటగా దిగుతుంది.

కొనుక్కునే వీలుంటే నీలగిరి ఆకు టీ ఈ పానీయానికి బాగా సరిపోతుంది. టీ చల్లారేకొద్దీ అందులోని కెఫీన్, టానిన్లు ఒకదానినొకటి పట్టుకొని సన్నని రేణువులుగా విడివడతాయి, అప్పుడు డికాషన్ మసకబారుతుంది. చిక్కని అస్సాం టీలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, నీలగిరి టీ మాత్రం చల్లారినా చాలావరకు తేటగా ఉంటుంది. మసకబారినంత మాత్రాన టీ పాడైనట్టు కాదు, రుచి కూడా పెద్దగా మారదు. అయినా గాజు గ్లాసులో పోసి అతిథులకు ఇచ్చేటప్పుడు తేటగా ఉంటేనే కంటికి ఇంపుగా ఉంటుంది కనుక, డికాషన్‌ను వేడిగా ఉన్నప్పుడే ఫ్రిజ్‌లో పెట్టకుండా గది వేడికి దానంతట అదే చల్లారనిచ్చి ఆ తరువాత లోపల పెట్టాలి. అయితే ఎండాకాలంలో దానిని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

నీటి గురించి కూడా ఒక మాట. సున్నపు అంశం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళతో టీ కాస్తే పైన జిడ్డులా తెట్టు కడుతుంది, రంగు నల్లబడి సువాసన మూగబోతుంది. తాగడానికి తెచ్చుకునే ఫిల్టరు నీళ్ళనే డికాషన్‌కూ, ఐసుకూ వాడడం మంచిది.

ముందురోజు రాత్రే ఏర్పాటు చేసుకోగలిగిన వారికి ఇంకా సులభమైన దారి ఒకటి ఉంది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 12 గ్రాముల ఆకు టీ వేసి, మూత పెట్టి, ఎనిమిది నుంచి పది గంటల పాటు ఫ్రిజ్‌లో ఉంచి తెల్లవారాక వడగట్టుకోవాలి. చన్నీటిలో టానిన్లు తక్కువగా దిగుతాయి కనుక ఈ టీ మృదువుగా ఉంటుంది, మసకబారదు. రంగు కొంచెం లేతగా వస్తుంది, వేడి డికాషన్‌లో ఉండే గట్టిదనం మాత్రం ఉండదు. మామిడి, జామ వంటి మెత్తని పండ్లకు నేను ఈ టీనే ఇష్టపడతాను, అనాసకు మాత్రం వేడి డికాషన్ కావాలి. అనాస పులుపు ముందు చన్నీటి టీ నిలబడదు.

ఇక ఐసు. దీనిని అలంకారంగా చూసేవారే ఎక్కువ, కానీ గ్లాసులోని నీటిలో దాదాపు నాలుగో వంతు దాని నుంచే వస్తుంది. ఒక గ్రాము ఐసు కరగడానికి సుమారు 80 క్యాలరీల వేడిని పీల్చుకుంటుంది. ఈ లెక్కన 80 డిగ్రీల వేడి మీద ఉన్న 200 మిల్లీలీటర్ల టీని 5 డిగ్రీలకు దించాలంటే 175 గ్రాముల ఐసు కరగాలి, అంటే గ్లాసులో దాదాపు సగం నీళ్ళే అవుతాయి. అదే టీని ముందుగా 30 డిగ్రీలకు చల్లార్చి పోస్తే 60 గ్రాములు కరిగితే చాలు. వేడి టీని నేరుగా ఐసు మీద పోసినప్పుడు పానీయం పలచబడడానికి కారణం ఇదే. పైన చెప్పిన 12 గ్రాముల కొలతలో ఈ 60 గ్రాముల నీటిని కూడా దృష్టిలో ఉంచుకున్నాను, అందుకే ఆ డికాషన్‌ను విడిగా రుచి చూస్తే కాస్త గాఢంగా అనిపిస్తుంది. చిన్న చిన్న ముక్కల కంటే పెద్ద గళ్ళ ట్రేలో గడ్డకట్టిన ఐసు నెమ్మదిగా కరుగుతుంది. చేపల నిల్వకు వాడే దిమ్మ ఐసు చవకగా దొరుకుతుందని తెచ్చి గ్లాసులో వేయడం ఎంతమాత్రం తగదు, అది తాగే నీటితో చేసినదని ఎవరూ హామీ ఇవ్వరు.

అనాస పాకం

సీతంపేట ఏజెన్సీ 2022లో జరిగిన జిల్లాల విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. అయినా అక్కడి సవర రైతులు కొండ వాలుల్లో పండించే అనాస తొలకరి రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో గుట్టలుగా కనిపిస్తుంది. పండును ఎంచుకునేటప్పుడు అడుగు భాగాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చూడాలి. తియ్యని వాసన రావాలి, పులిసిన వాసన రాకూడదు. కోసిన తరువాత అనాస మెత్తబడుతుంది, రంగు మారుతుంది, అంతే తప్ప తీపి పెరగదు. అందువల్ల పచ్చిగా ఉన్న కాయను కొని ఇంట్లో మాగబెట్టవచ్చు అనుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

తొక్క తీశాక పండు ఒంటి మీద గోధుమరంగు కళ్ళు ఏటవాలు వరసల్లో పైకి మెలితిరిగి కనిపిస్తాయి. ఒక్కొక్క కన్నును తవ్వి తీస్తే కండ వృథా అవుతుంది. వరుసకు అటు ఇటు కత్తిని వాల్చి పెట్టి కాలువలాగా ఒకే కోత కోస్తే నాలుగైదు కళ్ళు కలిసి ఒక పేలికగా ఊడి వస్తాయి, పండు మీద చుట్టూ తిరిగే గాడులు మిగులుతాయి. మధ్యలోని గట్టి దూటను పారేయకుండా సన్నగా తరిగి పాకంలోనే వేయాలి. దానిని నమలడం కష్టమే అయినా వాసనకు లోటు ఉండదు.

300 గ్రాముల ముక్కల మీద 150 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు చల్లి అరగంట వదిలేయాలి. పంచదార తడిసి, ముక్కల నుంచి రసం దానంతట అదే ఊరి గిన్నె అడుగున చేరుతుంది. అప్పుడు 100 మిల్లీలీటర్ల నీళ్ళు, రెండు పలుచని అల్లం ముక్కలు వేసి సన్న సెగ మీద పది నిమిషాలు ఉడికించాలి. పాకం లేతగా, చెంచా నుంచి ధారగా జారేటట్టు ఉండాలి. తీగపాకం రానిస్తే చల్లారాక చిక్కబడి ఐసు మీద ముద్దలా కూర్చుంటుంది, టీలో సరిగా కలవదు. దించి, పూర్తిగా చల్లారాక వడగట్టి గాజు సీసాలో పోసుకుంటే పావు లీటరుకు అటూ ఇటూగా వస్తుంది. ముక్కలను విడిగా దాచుకుంటే గ్లాసు అడుగున వేయడానికి పనికొస్తాయి.

పచ్చి రసం వాడకుండా ఉడికించడం ఎందుకని అడగవచ్చు. అనాసలో బ్రొమిలైన్ అనే ఎంజైము ఉంటుంది. పచ్చి పండు ఎక్కువగా తింటే నాలుక మంటపుట్టడంలో దీని పాత్ర ఉంది, ఉడికిస్తే ఇది నశిస్తుంది. గ్లాసులో జెల్లీ ముక్కలు వేసుకోవాలనుకునేవారికి ఇది ఇంకా ముఖ్యం. జిలాటిన్‌తో చేసిన జెల్లీ పచ్చి అనాస రసంలో కరిగిపోతుంది, చైనా గడ్డితో చేసినది కరగదు. ఉడికించిన పాకంతో ఆ ఇబ్బందే రాదు. మరొక కారణం పంచదార. చల్లని టీలో పంచదార ఎంత తిప్పినా గ్లాసు అడుగునే మిగిలిపోతుంది, పాకం రూపంలో ఉంటే ఒక్క కుదుపుతో కలిసిపోతుంది. బెల్లం వాడాలన్న కోరిక ఉంటే మామిడికి, జామకు వాడవచ్చు కానీ అనాసకు వద్దు. రంగు నల్లబడి, బెల్లం వాసన పండు వాసనను కప్పేస్తుంది.

గ్లాసు నింపే పద్ధతి

కాఫీ షాపుల్లో ఉండే స్టీలు షేకరు అందరి ఇళ్ళలో ఉండదు, గట్టి మూత ఉన్న వెడల్పు మూతి హార్లిక్స్ సీసా చక్కగా సరిపోతుంది. అందులో 150 మిల్లీలీటర్ల చల్లారిన డికాషన్, మూడు పెద్ద చెంచాల అనాస పాకం, ఒక టీ చెంచా నిమ్మరసం, ఆరేడు ఐసు ముక్కలు వేసి మూత బిగించి, సీసాను గుడ్డతో పట్టుకొని ఇరవై సెకన్ల పాటు గట్టిగా కుదపాలి. మొదట ఐసు సీసా గోడలకు టకటకా తగులుతుంది. అంచులు అరిగేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడుతుంది, సీసా బయట తేమ పడుతుంది, లోపల లేత గోధుమ రంగు నురగ పైకి లేస్తుంది. అప్పుడు ఆపాలి. చెంచాతో తిప్పితే ఈ నురగ రాదు, కాఫీ షాపు గ్లాసుకూ మన గ్లాసుకూ కంటికి కనిపించే తేడా చాలావరకు ఈ కుదుపులోనే ఉంది. గ్లాసు అడుగున రెండు చెంచాల ఉడికిన అనాస ముక్కలు, పైన నాలుగు కొత్త ఐసు ముక్కలు వేసి, సీసాలోనిది మొత్తం వాటి మీద వంచేయాలి.

నిమ్మరసం పడగానే టీ రంగు తేలికవుతుంది, కంగారుపడనక్కరలేదు. టీలోని రంగు పదార్థాలు పులుపు తగిలినప్పుడు లేతబడడం సహజం. నిమ్మచెక్కను తొక్కతో సహా గ్లాసులో వదిలేయడం చూడడానికి బాగున్నా, పావుగంటలో తొక్క చేదు టీలోకి దిగుతుంది. కనుక రసం మాత్రమే వేసి చెక్కను తీసేయడం మేలు. డికాషన్, పాకం, నిమ్మరసం కలిపిన తరువాత, ఐసు వేయకముందు ఒక చుక్క రుచి చూస్తే కాస్త అతి తీపిగా అనిపించాలి. చల్లబడ్డాక అది సమానమవుతుంది.

ఎండాకాలపు గ్లాసు

ఏప్రిల్, మే నెలల్లో అనాస కోసం ఎదురుచూడవలసిన పని లేదు, ఆ రోజులు సువర్ణరేఖ మామిడివి. పై తొక్క మీద ఎరుపు దిగిన ఈ మామిడి మన ఉత్తరాంధ్ర తోటల సొత్తు. మామిడిని మాత్రం ఉడికించకూడదు, సెగ తగిలితే పండు సువాసన పోయి జామ్ వాసన వస్తుంది. గుజ్జును జల్లెడలో వేసి చెంచాతో రుద్ది, పీచు విడదీసి, గ్లాసుకు మూడు పెద్ద చెంచాల చొప్పున, ఒక చెంచా విడి పంచదార పాకంతో కలిపి వాడాలి. అంతకు మించితే అది టీ కాకుండా మామిడి రసమే అవుతుంది. రసాల రకం పండ్లు వాడేవారు రెండుసార్లు జల్లించడం మంచిది.

ఈ మామిడి ఐస్ టీలో వేయడానికి తాటి ముంజలకు సాటి మరొకటి లేదని నా గట్టి నమ్మకం. కాఫీ షాపుల్లో గ్లాసు అడుగున వేసే జెల్లీ గోళీల స్థానంలో అవి అన్ని విధాలా మెరుగ్గా నిలుస్తాయి. నీరు నిండిన లేత ముంజలను ఎంచుకొని, పైనున్న పసుపుపచ్చని పలుచని పొరను గోటితో ఒలిచి, గ్లాసు మీదనే పట్టుకొని చీల్చాలి. అలా చేస్తే లోపలి తియ్యని నీరు కూడా గ్లాసులోనే పడుతుంది. ముదిరిన ముంజలు గట్టిగా, కొబ్బరి ముక్కల్లా తగులుతాయి కనుక వాటిని వదిలేయాలి. ముంజలు దొరకని నెలల్లో ఒక చెంచా సబ్జా గింజలను అరకప్పు నీటిలో పావుగంట నానబెట్టి వేసుకోవచ్చు.

మిగిలిన పండ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. నేరేడు పండ్ల పాకం రంగు చూడముచ్చటగా ఉంటుంది, అయితే దానికి స్వతహాగా వగరు ఉంది కనుక టీ పొడిని పావు వంతు తగ్గించాలి. ఉద్దానంలో విరివిగా రాలే జీడిపండును ఈ పానీయంలో వాడవద్దనే నా సలహా, దాని వగరు టీ వగరుతో కలిస్తే గొంతు పట్టేస్తుంది. బత్తాయి రసం పిండిన కొద్దిసేపటికే చేదెక్కుతుంది కాబట్టి గ్లాసు కలిపే క్షణంలోనే పిండి వెంటనే తాగాలి. పుచ్చకాయలో నీరు ఎక్కువ, దానిని పాకం చేయడం దండగ. ముక్కలను ఫ్రీజరులో గడ్డకట్టించి ఐసుకు బదులు వేస్తే మాత్రం చివరి గుక్క వరకూ రుచి పలచబడదు.

పిల్లలకు, కెఫీన్ పడనివారికి

కాఫీ షాపుల్లో కెంపు రంగులో, పుల్లగా ఉండే టీ ఒకటి అమ్ముతారు. అందులో చాలావరకు ఉండేది టీ ఆకు కాదు, ఎర్ర గోంగూర జాతి మొక్క పూలు రాలాక కాయ చుట్టూ ఎర్రగా, కండగా ఉబ్బే రేకులు. వాటిలో కెఫీన్ ఉండదు. మన రెండు జిల్లాల్లో నార కోసం వేసే గోగు కాయల చుట్టూ ఇంత కండ ఉండదు, కాబట్టి దొడ్డిలో కూర కోసం పెంచే ఎర్ర రకాన్నే చూసుకోవాలి. పూత రాలిన తరువాత రేకులు ఎర్రగా నిగనిగలాడుతున్నప్పుడే కోసి, మధ్యలోని గింజల కాయను తొలగించి, నీడలో బాగా ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటే ఎండాకాలానికి పనికొస్తాయి. 10 గ్రాముల ఎండు రేకులను అర లీటరు మరిగిన నీటిలో వేసి ఎనిమిది నిమిషాలు ఉంచి వడగట్టాలి. దీనికి స్టీలు గిన్నె కానీ గాజు పాత్ర కానీ వాడాలి, ఇంత పులుపుకు అల్యూమినియం పాత్ర పనికిరాదు. అనాస పాకం దీనితో ఎంతో బాగా కలుస్తుంది, నిమ్మరసం అక్కరలేదు. పెద్దలకు చేసేటప్పుడు ఇది సగం, మామూలు డికాషన్ సగం కలిపితే రంగూ వస్తుంది, టీ గట్టిదనమూ నిలుస్తుంది.

గర్భిణులు డాక్టరును అడగకుండా ఈ గోంగూర రేకుల టీ తాగకపోవడం మంచిది. మామూలు ఐస్ టీ విషయంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. టీలోని టానిన్లు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కనుక, రక్తహీనత ఉన్నవారు భోజనంతో పాటు దీనిని తాగకుండా గంటా గంటన్నర ఎడం ఉంచుకోవాలి. ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బుతో చికిత్స పొందుతున్నవారు రోజుకు ఎంత నీరు, ఎంత పొటాషియం తీసుకోవాలో వైద్యులు నిర్ణయించి ఉంటారు. పండ్ల రసం కలిసిన ఏ పానీయమైనా వారిని అడిగే తాగాలి. మధుమేహం ఉన్నవారికి పాకం బదులు ఉడికిన అనాస ముక్కలు వేసి ఇద్దామనుకుంటారు కొందరు, కానీ అవి పంచదారలో ఉడికినవే. వారికి నిమ్మరసం, పుదీనా ఆకులు వేసిన ఒట్టి టీ ఇవ్వడమే సరైనది.

ఇంటికి పదిమంది వచ్చే రోజున చేయాలంటే డికాషన్‌నూ పాకాన్నీ ముందురోజే చేసి వేరువేరుగా ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పదిమందికి ఒకటిన్నర లీటర్ల డికాషన్, అర లీటరు పాకం, రెండు నిమ్మకాయలు, రెండున్నర కిలోల ఐసు కావాలి. ఇంటి ఫ్రీజరులో ఒక్కరోజులో అంత ఐసు గడ్డకట్టదు కనుక రెండు మూడు రోజుల ముందు నుంచే ట్రేలు నింపుతూ, గడ్డకట్టిన ముక్కలను సంచిలో వేసి దాచుకుంటూ రావాలి. అన్నీ కలిపి పెద్ద గిన్నెలో ముందే ఉంచితే మాత్రం గంటలో నీరుకారిపోతుంది, ఇద్దరేసికి సరిపడా ఎప్పటికప్పుడు సీసాలో కుదిపి పోయడమే పద్ధతి. అనాస పాకం ఫ్రిజ్‌లో వారం రోజులు నిలుస్తుంది. అందులో తడి చెంచా పెట్టకూడదు. డికాషన్‌ను రెండు రోజులకు మించి ఉంచకుండా, మిగిలిన దానిని ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించుకోవాలి. మరుసటిసారి మామూలు ఐసుతో పాటు ఈ టీ ముక్కలను కూడా గ్లాసులో వేస్తే, అవి కరిగినా పానీయం పలచబడదు.